జిల్లా విద్యాశాఖాధికారి గారికి ఓ లెక్కల మాస్టారి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మొన్న తొమ్మిదో తరగతి ప్రాజెక్టులు దిద్దాను. పది ఇళ్ళు తిరిగి, రోజుకి ఎన్ని బిందెల నీళ్ళు వాడతారో అడిగి రాయాలి. ఒకమ్మాయి పట్టికలో బిందెలే లేవు, అన్నీ లీటర్లు, అదీ పాయింట్ తర్వాత రెండంకెలతో! "ఎవరింటికి వెళ్ళావమ్మా?" అంటే, "నేను అబద్ధం రాయలేదు సార్, ఏఐ రాసిచ్చింది" అంది. పరీక్షలో పక్కపేపర్లోకి తొంగి కూడా చూడని పిల్ల.

2025లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనంలోనూ ఇదే కనిపించింది. పాచిక వేయించి, పడిందని చెప్పిన అంకె ఎంత పెద్దదైతే అంత ఎక్కువ డబ్బిచ్చారు. తామే చెప్పినప్పుడు దాదాపు 95 శాతం మంది నిజమే చెప్పారు. లాభం కావాలా, కచ్చితత్వం కావాలా అన్న లక్ష్యం మాత్రం పెట్టి, అంకె చెప్పే పని ఏఐకి వదిలేసినప్పుడు, నిజాయితీగా ఉన్నవాళ్ళు 12-16 శాతమే. అబద్ధమాడమని నోరు తెరిచి అడగక్కర్లేదు కదా!

దయచేసి ఫోన్లు నిషేధిస్తూ సర్క్యులర్ ఇవ్వకండి, ఇంటికెళ్ళాక ఎవరు చూస్తారు? ప్రాజెక్టు మార్కుల్లో సగం నోటి ప్రశ్నలకు కేటాయించండి. ఏఐతో ఏమేం చేయించారో పిల్లలే రాసి, కింద సంతకం పెట్టాలి.

ఆ అమ్మాయి ఆదివారం పది ఇళ్ళూ తిరిగొచ్చింది. రెండిళ్ళలో కొళాయే లేదట.

ఇట్లు,
ఒక ప్రభుత్వ హైస్కూలు ఉపాధ్యాయుడు