రథం తిరిగే వీధుల్లో మనిషి నడవగలగాలి

సంపాదకులకు నమస్కారం.

నిరుడు మా అమ్మాయి దగ్గర మెల్‌బోర్న్‌లో మూడు నెలలు ఉండి వచ్చాను. తిరిగి వచ్చింది మొదలు గాంధీ రోడ్డులో అడుగు పెట్టిన ప్రతిసారీ మనసులో మెదులుతున్న ఒక మాటను మీ పత్రిక ద్వారా పట్టణ పెద్దలకూ తోటి తిరుపతి వాసులకూ విన్నవించుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న పాత ఊరిని మనం బండ్లకు వదిలేసి, నడిచేవాళ్లకు చోటు లేకుండా చేసుకున్నాము. ఇంకా చేయి దాటిపోలేదు కనుకనే ఈ ఆరాటం.

అమ్మాయి వాళ్లు ఉండేది ఆ నగరానికి ఉత్తరాన ఉన్న బ్రున్స్‌విక్ అనే శివారులో. అక్కడి పెద్ద బజారు సిడ్నీ రోడ్డు. నగరం నడిమధ్య నుంచి వచ్చే 19వ నంబరు ట్రామ్ ఆ బజారు గుండానే కోబర్గ్ వైపు పోతుంది. రోడ్డు ఏమంత వెడల్పయినది కాదు, ఈ గోడ నుంచి ఆ గోడకు 20 మీటర్లు ఉంటుందేమో. అందులోనే రెండు వరుసల పట్టాలు, వాటి మీదనే కార్లు, పక్కన సైకిళ్లు, ఇరువైపులా కాలిబాటలు. పాతకాలపు రెండంతస్తుల ఇటుక అంగళ్ల ముందు కాలిబాట మొత్తాన్ని కప్పుతూ రేకుల పంచలు దించి ఉంటాయి. చాలా చోట్ల ఒక అంగడి పంచ అయిపోయేచోట పక్క అంగడి పంచ మొదలవుతుంది కాబట్టి ఎండలోనూ వానలోనూ గొడుగు విప్పకుండానే చాలా దూరం నడిచాను. కింద లెబనాన్ రొట్టెలు అమ్మే అంగడి వచ్చినా, సెల్‌ఫోన్ల అంగడి వచ్చినా, పైన నూరేళ్ల నాటి గార పని మాత్రం అలాగే ఉంది.

అక్కడ అంతా బాగుందని నేను చెప్పబోవడం లేదు. ఆ ట్రామ్ మెట్లు ఎత్తుగా ఉండి, మోకాళ్ల నొప్పులున్న నా భార్య ఎక్కడానికి ప్రతిసారీ ఇబ్బంది పడింది. అయినా ఆ బండి ఏ దారిన వస్తుందో, ఎక్కడ ఆగుతుందో పసిపిల్లలకు కూడా తెలుసు. మనకు దగ్గరలోని మద్రాసులో 1895లోనే కరెంటు ట్రామ్ నడిచింది, మన దేశంలో అదే మొదటిది. 1953లో దాన్ని ఆపేశారు. సిడ్నీ నగరం కూడా 1961లో తన పాత ట్రామ్‌లకు సెలవిచ్చింది. మెల్‌బోర్న్ వాటిని నిలుపుకుంది కనుక ఇవాళ అక్కడ సుమారు 250 కిలోమీటర్ల ట్రామ్ మార్గం ఉంది. ప్రపంచంలో అంత పెద్దది మరెక్కడా లేదు.

తిరుపతిలో పట్టాలు వేయమని నేను అడగను. నిర్ణీతమైన దారిలో ఒక బండి మెల్లగా సాగిపోతుంటే ఊరంతా దానికి ఒదిగి నడుచుకోవడం మనకు కొత్త కాదు. వైశాఖంలో గోవిందరాజస్వామి రథం కదిలినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. చక్రాల కింద చెక్క దిమ్మెలు పెట్టి మలుపు తిప్పుతుంటే అంగళ్ల వాళ్లు తమంతట తామే బల్లలు లోపలికి లాక్కుంటారు, స్కూటర్లు మాయమవుతాయి, ముసలివాళ్లు సైతం నడివీధిలో నిశ్చింతగా నిలబడి దండం పెట్టుకుంటారు. 1130లో రామానుజాచార్యుల వారు స్వామిని ప్రతిష్ఠించి గుడి చుట్టూ వీధులు తీర్చారని మనం గర్వంగా చెప్పుకుంటాము. రథం కోసం, భక్తుల కోసం ఏర్పడిన ఆ వీధులను ఒక్కరోజు ఖాళీ చేయగలిగినవాళ్లం మిగిలిన రోజుల్లో నడిచేవాళ్లకు మూడడుగుల చోటు ఎందుకు ఇవ్వలేకపోతున్నాము?

పోయిన వేసవిలో మా కర్నాలవీధిలో ఒక పాత మిద్దెను కూల్చారు. పైకప్పు విప్పుతున్నప్పుడు నేను దగ్గరే నిలబడి చూశాను. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలను పడుకోబెట్టకుండా నిలబెట్టి, ఐమూలగా పేర్చి, పైన సున్నపు గార దట్టించి కట్టిన మిద్దె అది. ఇనుప కమ్మి ఒక్కటి కూడా లేదు. కూలీలు గడ్డపారతో పొడిస్తే ఇటుకలు విడిగా ఊడిరాలేదు, గారతో సహా పెళ్లలుగా లేచాయి. ఇంటి ముందు ఇరువైపులా తిన్నెలు ఉండేవి. కొండకు నడిచి వెళ్లేవాళ్లు, తమిళనాడు నుంచి వచ్చే భక్తులు వాటి మీద మూటలు దించుకుని, మంచినీళ్లు అడిగి తాగి, ఒక కునుకు తీసి లేచేవారు. ఇప్పుడక్కడ అద్దాల తలుపులతో మూడంతస్తుల కట్టడం లేచింది. దాని మెట్లు వీధిలోకి వచ్చాయి, కూర్చోవడానికి జానెడు చోటు లేదు. ఇల్లు అమ్ముకున్నవారిని నేను తప్పుపట్టను. కానీ ముందరి తిన్నెనూ పంచనూ ఉంచి వెనక ఎంత ఎత్తు కావాలంటే అంత కట్టుకోండని చెప్పే నియమం ఉంటే ఆ వీధి రూపం మిగిలేది.

కిందటి నెల గుడి నుంచి వస్తుండగా కాలువ మీద కదిలిపోయిన బండ ఒకటి పక్కకు ఒరిగి నా భార్య చీలమండ బెణికింది. పక్కనే మోటారు సైకిళ్లు బారులు తీరి ఉండటంతో కాలు పెట్టడానికి ఆ బండ తప్ప మరో చోటు లేకపోయింది.

కొండ మీదికి 2022 నుంచి విద్యుత్ బస్సులు నడుస్తున్నాయి. ఘాట్ రోడ్డు మలుపులు ఎక్కగలిగిన బండ్లకు చదునైన ఊరి వీధులు ఒక లెక్క కాదు. రైల్వే స్టేషను, గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డులను చుట్టివచ్చేలా, నేలకు తక్కువ ఎత్తులో మెట్టు ఉన్న చిన్న బ్యాటరీ బస్సులను నిర్ణీత ఆగుచోట్లతో నడిపితే ఆటోల అవసరం సగం తగ్గుతుంది. మాడవీధుల్లో ఉదయం సరుకు దించుకున్న తరువాత బండ్లను ఆపేసి, కాలువ బండలను సరిచేసి, అంగళ్ల ముందు ఒకే ఎత్తులో పంచలు దించమనాలి. గాంధీ రోడ్డులోని హథీరాంజీ మఠం భవనం మొదలుకొని తిన్నెలున్న చిన్న ఇళ్ల దాకా మిగిలిన పాత కట్టడాలన్నింటికీ ఫొటోలతో ఒక పట్టిక తయారు కావాలి. అన్నిటికన్నా ముందు జరగవలసిన పని ఇదే, ఎందుకంటే కూలిపోయిన దాన్ని తరువాత లెక్కలోకి ఎక్కించలేము.

వచ్చే బ్రహ్మోత్సవాల లోపు కర్నాలవీధి, బేరివీధుల వరకు ఆ పట్టిక రాసి ఇవ్వడానికి నేనూ, నాతో పాటు పదవీ విరమణ చేసిన మరో ఇద్దరు ఉపాధ్యాయులమూ సిద్ధంగా ఉన్నాము. అధికారులు ఎవరికి అందజేయాలో చెబితే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కర్నాలవీధి, తిరుపతి.