ఫ్రిజ్ తలుపులో పెన్ను

చి.ల.సౌ. స్వాతికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. కదిరిలో ఈసారి వాన బాగానే పడింది, మల్లె పాదుల్లో నీళ్లు నిలిచాయి. అమ్మ మోకాలు మునుపటికంటే మేలు. రమణకు బదిలీ ఖాయమైందట, వాళ్లమ్మ ఒకటే ఏడుపు. షాపులో కుర్రాడు మళ్లీ మానేశాడు. నువ్వు ఫోన్ చేసి పదహారు రోజులైంది. నేనేం లెక్కపెట్టలేదు, క్యాలెండర్ మీద పాల లెక్క రాస్తుంటే కనిపించింది.

ఒంట్లో ఎలా ఉంది? ఊరికే అడిగాను.

చిన్నత్త మొన్న మీ ఇంటికి వచ్చింది కదా. నీళ్ల సీసా కోసం ఫ్రిజ్ తీస్తే తలుపులో గుడ్ల పక్కన బరువు తగ్గించే ఇంజెక్షన్ పెన్ను కనిపించిందట. వంటింటి గట్టు మీద ఏదో మూలికల డబ్బా కూడా ఉందట. నాకు చెప్పకుండా రెండు రోజులు ఆగింది, ఆమెకు అదే ఎక్కువ. ఆమె మీద కోపం పెట్టుకోకు. ఆమె భయానికి కారణం నేనే, ఆ సంగతి నీకు తెలియదు.

ఈ మందుల షాపు కౌంటర్ వెనక ముప్పై ఏళ్లు దాటాయి నాకు. బరువు తగ్గించే మందులు ఎన్ని వచ్చాయో, ఎన్ని పోయాయో చూస్తూనే ఉన్నాను. గంజాయి తాగినవాడికి ఆకలి రేగుతుంది కదా, మెదడులో ఆ తలుపుకే గొళ్లెం పెడదామని రిమోనబాంట్ అనే మందు తెచ్చారు. 2006లో యూరప్‌లో మొదలై 2008కల్లా మూటకట్టింది. కొంతమందికి ఆకలితో పాటు బతుకు మీద ఆశ కూడా పోయింది మరి.

సరే, చిన్నత్త సంగతి. 2009లో ఆమెకు ధర్మవరం సంబంధం వచ్చింది. నీకప్పుడు పదకొండేళ్లు, పెళ్లిచూపుల మైసూర్‌పాక్ నువ్వూ రమణా కలిసి ఖాళీ చేశారు. వచ్చినవాళ్లలో ఒకావిడ 'పిల్ల కాస్త ఒళ్లు చేసింది' అంది. జేజి నా మొహం చూసింది. షాపు అలమరాలో సిబుట్రమిన్ అని, బరువు తగ్గించే మందు, పది మిల్లీగ్రాముల క్యాప్సూల్స్ ఉన్నాయి. డాక్టర్ చీటీ ఉంటేనే ఇవ్వాలి. షాపు నాది, చెల్లెలు నాది, మళ్లీ చీటీ ఏంటి అనుకున్నాను. రోజుకొకటి పొద్దున్నే వేసుకోమన్నాను.

రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గింది. జాకెట్లకు లోపలి కుట్లు వేయించారు, జేజి వీధంతా చెప్పుకుంది. రాత్రుళ్లు మాత్రం అత్తకు నిద్ర లేదు, మిద్దె మీద తిరిగేది. నోరు ఎండిపోతోందని చెంబు చంకలోనే ఉండేది. ఒకరోజు పొద్దున వరండాలో రాగిపిండి జల్లిస్తోంది. ఆమె జల్లెడ ఆడించకముందే చెయ్యి దానంతట అదే ఆడుతోంది, పిండి చాటలో కాకుండా చీర మీద పడుతోంది. ఆమె చూసుకోలేదు. నేను చూశాను. మణికట్టు పట్టుకుంటే నాడి నూట ఇరవై. బీపీ మిషన్ తెచ్చి చూస్తే 160/104. నాకు కాళ్లు వణికాయి.

ఆ రోజే ఆపించాను. ఎవరికీ చెప్పలేదు, మీ అమ్మకు కూడా. సంక్రాంతికల్లా ఆ ఆరు కిలోలూ తిరిగొచ్చాయి, తోడుగా ఇంకో రెండు. సంబంధం ఎలాగూ కుదిరింది. మీ మామ ఆమె బరువు సంగతే ఎత్తలేదు, ఎత్తింది వాళ్ల మేనత్త!

తర్వాత పెద్ద పరిశోధన ఒకటి బయటికొచ్చింది. గుండె జబ్బు ముప్పున్న దాదాపు పదివేల మందిని ఏళ్ల తరబడి గమనించారు. గుండెపోటు, పక్షవాతం లాంటివి ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 10 శాతం మందికి వస్తే, సిబుట్రమిన్ వేసుకున్నవాళ్లలో 11.4 శాతం మందికి వచ్చాయి. 2011లో మన దేశంలోనూ నిషేధించారు. వాపసు పంపడానికి స్ట్రిప్పులు లెక్కపెడుతుంటే గల్లాపెట్టె అడుగున అత్త ఇచ్చేసిన స్ట్రిప్పు దొరికింది. అందులో ఇంకా ఆరు ఉన్నాయి.

అందుకే అడుగుతున్నా, ఆ పెన్ను నీకు రాసింది ఎవరు? డాక్టరా, ఆఫీసులో స్నేహితురాలా?

పెన్ను మంచిది కాదనడం లేదు. ఇది ఆ జాతి మందు కాదని నాకూ తెలుసు. తిన్నాక పేగులు మెదడుకు 'ఇక చాలు' అని ఒక కబురు పంపుతాయి, జీఎల్‌పీ-1 అని. ఒంట్లో పుట్టేది రెండు నిమిషాల్లో కరిగిపోతుంది, మందుగా చేసింది వారం నిలుస్తుంది. ఈ మందుల్లో మొట్టమొదటిదానికి దారి చూపింది అమెరికా ఎడారిలో ఒక పెద్ద బల్లి విషమని చెబితే మీ అమ్మ ఇప్పటికీ నమ్మడం లేదు. ఇలాంటి పెన్నుల్లో ఉండే సెమాగ్లుటైడ్ అనే మందు మీద 2021లో వచ్చిన పరిశోధనలో 1961 మంది ఉన్నారు. 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గారు, ఉత్తుత్తి సూది వేయించుకున్నవాళ్లు 2.4 శాతం. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. కాకపోతే ఆపేసిన ఏడాదికి, తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. బీపీ మాత్రలాగా ఇదీ ఏళ్ల తరబడి వాడాల్సిందే కాబోలు. నెలకు ఎంతవుతోంది? డబ్బు సంగతి కాదు. డబ్బు సంగతి కూడా.

ఆకలి లేదని కాఫీతో సరిపెట్టకు. కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, గుడ్డు, పప్పు, పెరుగు మానొద్దు. కడుపులో నొప్పి వీపు దాకా పాకితే గ్యాస్ అనుకుని పడుకోకు, వెంటనే హాస్పిటల్‌కు వెళ్లు. అమ్మ ఒక మాట అడగమంది, నేను అడగనన్నాను, అడగడం లేదు. బిడ్డను కనే ఉద్దేశమే ఉంటే మాత్రం సెమాగ్లుటైడ్ కనీసం రెండు నెలల ముందే ఆపాలి. డాక్టర్ చెప్పాడా? డాక్టర్ అంటూ ఉంటే చెప్పే ఉంటాడు. క్లాసు పీకనని అమ్మకు మాటిచ్చి కూర్చున్నా, చూడు.

నన్ను నిద్రపోనివ్వనిది ఆ మూలికల డబ్బా. మన గుట్టల మీద రాళ్ల సందుల్లో మొలిచే కుందేటి కొమ్ములు గుర్తున్నాయా? కుందేలుకు కొమ్ములేంటని జేజిని సతాయించావు. గొర్రెల కాపరులు అవి నమిలి మధ్యాహ్నం దాకా ఆకలి మాటెత్తేవాళ్లు కాదని ఆమె చెప్పేది. శాస్త్రవేత్తలు పెట్టుకున్న కారల్లుమా అనే పేరు కూడా మన తెలుగు మాటేనంటారు. బెంగళూరులో 50 మంది మీద 60 రోజులు దాని సారాన్ని పరీక్షించి 2007లో ప్రచురించారు. ఆకలి, నడుము కొలత కాస్త తగ్గాయి. బరువులో మాత్రం ఉత్తుత్తి మందుకూ దానికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నీ డబ్బాలో ఉన్నది నిజంగా అలాంటి మూలికే అయితే దిగులు లేదు. అమెరికాలో 'అంతా సహజం' అని రాసిన డబ్బాలను పరీక్షిస్తే ఎన్నోసార్లు బయటపడింది ఏమిటో తెలుసా? సిబుట్రమిన్. మీ అత్త చెయ్యి వణికించిందే. ఆ డబ్బాను ముందూ వెనకా ఫొటో తీసి పంపు. పంపి, పారెయ్.

రమణతో ఉలవలు, వేరుశనగపప్పు పంపుతున్నా. ఉలవచారు కిరణ్‌కు కూడా పెట్టు, అతనూ తక్కువేం లేడు. ఆదివారం పదకొండు దాటితే షాపులో ఎవరూ ఉండరు, ఫోన్ చెయ్యి. చీటీ ఎవరు రాశారో అమ్మ ముందు చెప్పనక్కర్లేదు.

నాన్న

తా.క. పెన్ను ఫ్రిజ్ తలుపులో పెట్టకు, తీసి వేసినప్పుడల్లా వేడి తగులుతుంది. మధ్య అరలోకి మార్చు. ఫ్రీజర్ దగ్గర మాత్రం వద్దు, గడ్డకడితే పనికిరాదు.