పాలగడ్డ అనుకున్నాం

సంపాదకునికి,

మా వదినకు 34 ఏళ్లు. రొమ్ములో గడ్డ తగిలితే ఇక్కడి డాక్టరు ‘ఈ వయసులో క్యాన్సరేంటమ్మా, పాలగడ్డే’ అని పంపేశారు. నాలుగు నెలలు పోయాయి. హైదరాబాద్‌లో బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేస్తే ట్రిపుల్ నెగెటివ్ రొమ్ము క్యాన్సర్ అని తేలింది. హార్మోన్ మాత్రలకు లొంగని రకం, వేగంగా పెరుగుతుంది. చిన్న వయసువారిలో ఇది ఎక్కువ. పెద్దవారిలో ఎక్కువగా హార్మోన్లతో పెరిగే రకం కనిపిస్తుంది, సాధారణంగా నెమ్మది. (అలాగని అమ్మమ్మలకు మొండి రకం రాదని కాదు.) పైగా వయసులో ఉన్నప్పుడు రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది, మామోగ్రామ్‌లో (రొమ్ము ఎక్స్‌రేలో) గడ్డ దాక్కుంటుంది. అల్ట్రాసౌండ్ కూడా అడగాలి.

30 దాటినవారికి ప్రభుత్వ కేంద్రాల్లో రొమ్ము పరీక్ష చేయాలి. మా ఊళ్లో బీపీ, షుగర్‌తోనే సరిపెడుతున్నారు. రొమ్ము పరీక్ష మాటెత్తాలంటే సిబ్బందికీ, ఆడవాళ్లకూ ఇద్దరికీ సిగ్గే! జిల్లా వైద్యాధికారులు కాస్త పట్టించుకోవాలి.

- ఒక పాఠకురాలు, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా