విదేశాంగ మంత్రి గారికి: వీసా స్టాంపింగ్ అమెరికాలోనే జరిగేలా మాట్లాడండి

జైశంకర్ గారికి నమస్కారం.

బరంపురం నుంచి రాస్తున్నాను. గంజాం జిల్లాలో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్లం, ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా అమ్మాయి ఎమ్మెస్సీ చదువుతోంది. కరెంటు పోయిన ఇంట్లో నాయనమ్మ చెయ్యి పట్టుకుని తెల్లవార్లూ కూర్చుంది. అప్పటి నుంచి తుపాన్లే దాని చదువు. ఇప్పుడు అమెరికాలో ఒక యూనివర్సిటీలో, తుపాను గంటల్లోనే అంతలా ఎందుకు బలపడుతుందో పరిశోధిస్తోంది.

యూనివర్సిటీ తన వంతు చేసింది. హెచ్-1బి ఉద్యోగ వీసాకు కంపెనీలకున్న లాటరీ బెడద యూనివర్సిటీలకు లేదు కాబట్టి 2020లోనే అది ఇప్పించింది, దాని ఆరేళ్ల గడువు దగ్గరపడుతోందని ఓ-1కి పిటిషన్ వేసింది. అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్ల వీసా అది, ఎనిమిది అర్హతల్లో కనీసం మూడు రుజువు చేయాలి. పేపర్లు, ప్రొఫెసర్ల ఉత్తరాలు పోగేయడానికే నెలలు పట్టింది. చివరికి మూడేళ్ల కాలానికి మంజూరైంది, వీధంతా స్వీట్లు పంచాం.

కానీ ఒక మెలిక అలాగే ఉండిపోయింది. పిటిషన్ మంజూరైతే అక్కడ పని చేసుకోవచ్చు గానీ, ఒకసారి బయటికి వస్తే మళ్లీ వెళ్లడానికి పాస్‌పోర్టులో వీసా స్టాంపు ఉండాలి, దానికి ఇక్కడి అమెరికా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి వెళ్లాలి, అది యూనివర్సిటీ చేతిలో లేదు. అంతకుముందు హెచ్-1బి మీద ఉండగానే, 2025 డిసెంబర్‌లో రావాలని టికెట్ కొంది. అప్పుడే సోషల్ మీడియా తనిఖీ పెట్టి ఎందరివో ఇంటర్వ్యూలు నెలల తరబడి వెనక్కి జరిపారు, దీనిదీ జరిగింది. వచ్చాక ఇక్కడే ఇరుక్కుపోతే ల్యాబ్ ఏమవుతుందో అని టెన్షన్‌తో టికెట్ రద్దు చేసుకుంది. మా అమ్మకు 86 ఏళ్లు. మనవరాలు వస్తానన్న తేదీ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టించుకుంది, ఆ డిసెంబర్ కేలండర్ పేజీని ఇప్పటికీ చించనివ్వడం లేదు.

హెచ్-1బికి కొత్తవాళ్లకు పెట్టిన లక్ష డాలర్ల ఫీజు గురించి మీకు చాలామంది రాసే ఉంటారు. నేను అడిగేది ఇంకోటి. 2023 జూన్‌లో ప్రధాని అమెరికా వెళ్లినప్పుడు స్టాంపింగ్ అక్కడే చేస్తామని వాళ్లు ఒప్పుకున్నారు, 2024 మొదట్లో ఇరవై వేల అప్లికేషన్ల వరకు తీసుకుని చేసి చూపించారు కూడా. పాస్‌పోర్టు పోస్టులో పంపితే చాలు, దేశం దాటక్కర్లేదు. కానీ అది హెచ్-1బి రెన్యువల్స్‌కే, ఓ-1 వాళ్లకు అందులో చోటు లేదు.

దాన్ని మళ్లీ మొదలుపెట్టమని, యూనివర్సిటీలు స్పాన్సర్ చేసిన పరిశోధకులనూ ఓ-1 వాళ్లనూ కలపమని వాషింగ్టన్‌తో గట్టిగా మాట్లాడండి సార్. అది తేలేదాకా, ఇంట్లో పెద్దవాళ్లకు ఒంట్లో బాగాలేక వచ్చేవాళ్లకైనా వారంలోపు స్లాట్ దొరికేలా చూడండి.

ఇట్లు,
ఒక తండ్రి, బరంపురం