వార్షిక నివేదిక: పాత ప్రార్థనా మందిరాలు, మారే వాడుకలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

విశాఖ పాత పట్నం కట్టడాలపై మన సంఘం ఈ ఏడాది చేసిన పనుల వివరాలను కార్యవర్గం తరఫున సమర్పిస్తున్నాను. ఆదివారం నడకలు, తుపాను హెచ్చరికల వల్ల వాయిదా పడినవి తప్ప, యథావిధిగా సాగాయి. ఎక్కువ శ్రద్ధ పెట్టినది మాత్రం గత సర్వసభ్య సమావేశంలో వచ్చిన ఒక ప్రశ్న మీద: ఆరాధన ఆగిపోయిన పాత మందిరాన్ని కళాప్రదర్శనలకు ఇస్తే దానికి మేలు జరుగుతుందా?

ప్రసంగాల్లో రెండు విదేశీ ఉదాహరణలు చర్చకు వచ్చాయి. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో 1294లో ప్రతిష్ఠించిన డొమినికన్ చర్చి, ఫ్రెంచి సేనలు 1794లో పట్టణాన్ని పట్టుకున్నాక ఆరాధనకు దూరమై, గోదాముగా, సైకిళ్లు పెట్టుకునే చోటుగా కాలం గడిపి, 2006లో పుస్తకాల దుకాణమైంది. పుస్తకాల అరలను రాతి గోడలకు బిగించకుండా విడిగా నిలబడే ఉక్కు కట్టడంగా పెట్టారు కనుక, రేపు దుకాణం ఎత్తేసినా గోడకు గాయం ఉండదు. స్పెయిన్‌లోని సాంతా బార్బరా చర్చిని 1912లో కట్టారు. అది పాడుబడి స్కేటింగ్ స్థలంగా మారాక, 2015లో ఒకూదా సాన్ మిగెల్ అనే చిత్రకారుడు గోడలనూ కప్పునూ రంగులతో నింపాడు. కంటికి ఇంపుగానే ఉన్నా ఆ పూతను వెనక్కి తీసుకోవడం కష్టం. అందుకే కార్యవర్గం మొదటి పద్ధతి వైపే మొగ్గింది. యువ సభ్యులు చాలామంది ఒప్పుకోలేదని కూడా ఇక్కడే నమోదు చేస్తున్నాను.

మన ఊరికి వాడుక మారడం కొత్తేమీ కాదు. రాస్ హిల్ మీద 1864లో రాస్ అనే ఆయన కట్టుకున్న ఇల్లు తరువాత ప్రార్థనా మందిరమైంది, నేటికీ ఆ కొండకు భక్తులు వస్తూనే ఉన్నారు. బీచ్ రోడ్డులోని డచ్ బంగళా 1991లో విశాఖ మ్యూజియంగా తెరుచుకుంది.

మనకున్న అసలు చిక్కు సముద్రపు గాలి. పాత సున్నపు గోడ పగిలితే సిమెంటు పూసేయడం మేస్త్రీలకు అలవాటు. సున్నం తేమను బయటికి వదిలేస్తుంది. సిమెంటు దాన్ని లోపలే బిగించి ఉంచుతుంది. ఆ తేమలోని ఉప్పు ఆరి గడ్డకట్టేకొద్దీ ఇటుక పొరలు పొరలుగా రాలిపోతుంది. అలాంటి గోడకు చిత్రాలు తగిలించడానికి మేకులు కొట్టడం మరింత చేటు. ఎత్తైన కప్పు కింద మాట ప్రతిధ్వనించి అర్థం కాదు గాని, వయొలిన్ మాత్రం నిండుగా పలుకుతుంది కనుక, అలాంటి చోట సభల కన్నా కచేరీలే నయమని నా అభిప్రాయం. ఏ మందిరం విషయంలోనైనా దాన్ని నమ్ముకున్న సమాజం సమ్మతి ముందు ఉండాలని, చిత్రాలను నేలపై నిలిచే చట్రాలకే తగిలించాలని, కాగితంపై గీసిన బొమ్మలను వానాకాలంలో పెట్టకూడదని సభ్యులు ఏకగ్రీవంగా తీర్మానించారు.

వచ్చే ఏడాది సున్నం పని తెలిసిన పాత మేస్త్రీలతో శిక్షణ తరగతి పెట్టాలని ఉంది. అందుకయ్యే ఖర్చు అంచనాను, ఆడిట్ అయిన లెక్కలతో పాటు సర్వసభ్య సమావేశంలో ఆమోదానికి ఉంచుతాము.

కార్యదర్శి