ఈ సీజన్ నుంచి స్టేడియం దగ్గర మన స్టాల్ రెండు ఆటలకే

అందరికీ నమస్కారం. ఆగస్టు మొదలైతే చాలు, "అక్కా, ఫస్ట్ గేమ్‌కి స్టాల్ ఏ పార్కింగ్ లాట్‌లో పెడుతున్నారు?" అని మెసేజ్‌లు వచ్చేవి. ఒకప్పుడు జవాబులు ఇవ్వలేక మా ఆయనకు ఫోన్ అప్పగించేదాన్ని. ఈసారి ఆరు వచ్చాయి.

కాబట్టి విషయం ముందే చెప్పేస్తాను. మన యూనివర్సిటీ మైదానంలో ఈ సీజన్‌లో ఆరు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలున్నాయి. స్టాల్ రెండిటికే పెడుతున్నాం. ఒకటి సెప్టెంబర్‌లో మొదటి ఆట, రెండోది అక్టోబర్‌లో హోమ్‌కమింగ్, అంటే పాత స్టూడెంట్లు తిరిగి వచ్చే ఆట. మిగతా నాలుగు రోజులూ షాపు తెరిచే ఉంటుంది, స్టాల్ మాత్రం ఉండదు. చికెన్ బిర్యానీ బాక్స్ 11 డాలర్ల నుంచి 12 అవుతోంది. ఒక్క డాలరే అని నేను అనను. నెలాఖరులో లెక్కపెట్టుకుని తినే పిల్లలకు ఆ డాలర్ ఏమిటో నాకు తెలుసు. అందుకే కారణం పూర్తిగా చెప్తున్నాను.

కొత్తగా వచ్చినవాళ్ళకు ముందుగా ఒక మాట. ఇక్కడ ఆట రోజంటే స్టేడియంలో జరిగే మూడున్నర గంటలు మాత్రమే కాదు. పొద్దున్నే పార్కింగ్ లాట్‌లో కార్ల డిక్కీలు తెరుచుకుంటాయి, గ్రిల్స్ వెలుగుతాయి, పిల్లలు చెక్కపలక కన్నంలోకి బీన్స్ సంచులు విసురుతూ ఉంటారు. దాన్ని టెయిల్‌గేటింగ్ అంటారు. మా నాన్న శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో బజ్జీల బండి పెట్టేవారు. ప్రభలు కదిలే ముందు జనం ఎలా ఉంటారో చూసి పెరిగినదాన్ని. ఈ ఊళ్ళో మొదటి ఆట చూసినప్పుడు నాకు ఆ కొండ కిందే నిలబడినట్టు అనిపించింది. ఆ ఏడాదే స్టాల్ పెట్టాం. మిరపకాయ బజ్జీ, చికెన్ 65, బిర్యానీ బాక్స్, టీ. ఆ రోజు 310 బాక్సులు అమ్మాం. కొన్నవాళ్ళలో ఎక్కువమంది అమెరికన్ స్టూడెంట్లే. బజ్జీ కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుని, మళ్ళీ వచ్చి ఇంకో ప్లేట్ అడిగేవారు.

కిందటి సీజన్‌లో ఆటకు సగటున 90 దాటలేదు.

మొదట్లో మన టీమ్ ఓడిపోతోంది కాబట్టి పిల్లలు రావడం లేదనుకున్నాను. తర్వాత నాకు తెలిసిందేమిటంటే, గెలిచే చోట కూడా ఈ సమస్య ఉంది. అలబామా యూనివర్సిటీ టీమ్ 2009 నుంచి 2017 దాకా ఐదు నేషనల్ టైటిల్స్ గెలిచింది. వాళ్ళ స్టేడియంలో లక్ష మంది పడతారు. అక్కడ కూడా స్టూడెంట్లు సగం ఆటకే లేచిపోతున్నారని అప్పటి కోచ్ నిక్ సేబన్ బహిరంగంగా బాధపడ్డాడు. 2019లో వాళ్ళు ఒక యాప్ తెచ్చారు. ఆటకు వస్తే 100 పాయింట్లు, నాలుగో క్వార్టర్, అంటే ఆట చివరి భాగం దాకా ఉంటే 250. పిల్లవాడు స్టేడియంలోనే ఉన్నాడో లేడో ఫోన్ లొకేషన్ చూసి తేల్చేవారు. ఆ పాయింట్లు ఉన్నవాళ్ళకు తర్వాతి పెద్ద ఆటల టికెట్లలో ప్రాధాన్యం. మిషిగన్ యూనివర్సిటీలో 2013లో స్టూడెంట్ సీజన్ టికెట్ 295 డాలర్లకు వెళ్ళింది. మరుసటి ఏడాది కొనేవాళ్ళు బాగా తగ్గారు, 2015 నాటికి ధరను 175కి దించాల్సి వచ్చింది. 2017లో కాలేజీ ఫుట్‌బాల్ పెద్ద డివిజన్‌లో ఆటకు సగటున 1,409 మంది తగ్గారు. 34 ఏళ్ళలో అంత పెద్ద తగ్గుదల అదే. ఆ తర్వాత పెద్ద టీముల స్టేడియాలు మళ్ళీ నిండుతున్నాయి, అది నిజం. మనలాంటి చిన్న స్కూళ్ళ సంగతి వేరు.

మన దగ్గర నాకు కనిపించే ముఖ్య కారణం ఆట పెట్టే రోజు. కాన్ఫరెన్స్ అంటే ఒకరితో ఒకరు ఆడే స్కూళ్ళ గుంపు. మిడ్-అమెరికన్ కాన్ఫరెన్స్ లాంటి చిన్న కాన్ఫరెన్సుల ఆటలు నవంబర్‌లో చాలావరకు మంగళవారం, బుధవారం రాత్రుళ్ళు జరుగుతాయి. శనివారం టీవీలో పెద్ద టీముల పక్కన చిన్న టీములను ఎవరు చూస్తారు? వారం మధ్యలో అయితే పోటీ ఉండదు, దేశమంతా చూస్తుంది, కాన్ఫరెన్స్‌కు టీవీ డబ్బు వస్తుంది. మన ఆటలూ అలాగే వెళ్ళాయి. కానీ మరుసటి రోజు పొద్దున ల్యాబ్ ఉన్న పిల్లవాడు సున్నా డిగ్రీల చలిలో రాత్రి పదకొండు దాకా ఇనుప బెంచీ మీద ఎందుకు కూర్చుంటాడు? ఎర్ర టోపీ పెట్టుకున్న మనిషి మైదానంలోకి వచ్చి నిలబడితే ఆట ఆగుతుంది. టీవీలో యాడ్స్ అయ్యేదాకా ఆటగాళ్ళూ జనమూ అలా చూస్తూ ఉండాలి. ఇంట్లో అయితే ఆ టైమ్‌లో ఇంకో ఆట చూసుకోవచ్చు. స్టేడియంలో ఫోన్ సిగ్నల్ కూడా సరిగా అందదు. పిల్లలు బద్ధకస్తులైపోయారని పెద్దవాళ్ళు అంటుంటే నాకు కోపం వస్తుంది. టీవీ కోసం పెట్టిన ఆటను టీవీలో చూస్తున్నారు, అంతే కదా.

ఆటగాళ్ళు నిలవకపోవడం ఇంకో కారణం. 2021 నుంచి ఏడాది పాటు ఆడకుండా కూర్చోవాల్సిన పని లేకుండానే వేరే స్కూల్‌కు మారి ఆడే వీలు వచ్చింది. అదే ఏడాది ఆటగాళ్ళు తమ పేరు మీద డబ్బు సంపాదించుకునే అనుమతీ వచ్చింది. ఆ పిల్లలకు అది న్యాయమే, నేను కాదనను. ఎన్నో ఏళ్ళు వాళ్ళ చెమట మీద వేరేవాళ్ళు సంపాదించారు. కానీ చిన్న ఊరికి దెబ్బే. మన టీమ్‌లో ఒక కుర్రాడు ప్రాక్టీస్ అయ్యాక వచ్చి కారప్పొడి దోసెలు నాలుగు తినేవాడు. క్లాస్‌మేట్లను వెంటబెట్టుకుని వచ్చేవాడు. వాళ్ళంతా అతని కోసమే ఆటకు వెళ్ళేవారు. రెండో ఏడాది చివర పెద్ద స్కూల్‌కు వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు వచ్చి నన్ను కౌగిలించుకుని ఏడ్చాడు. ఆ క్లాస్‌మేట్లు మళ్ళీ స్టేడియం వైపు వెళ్ళడం నేను చూడలేదు.

ఇక నా తప్పు. ఎన్ని బాక్సులు చేయాలో నేను ప్రకటించిన హాజరు చూసి లెక్కేసేదాన్ని. ఆ అంకె సాధారణంగా అమ్మిన, పంచిన టికెట్లది, గేటు దాటిన మనుషులది కాదు. 2017 సీజన్‌లో చాలా యూనివర్సిటీల గేట్ల దగ్గర స్కాన్ అయిన టికెట్లను ఒక పత్రిక లెక్కతీస్తే, ప్రకటించిన దానిలో 71 శాతమే తేలింది. ఇది నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. కిందటి నవంబర్‌లో ఒక బుధవారం ముందు ఆటల అంకెలు నమ్మి 160 బాక్సులు చేశాం. ఆ రాత్రి బోర్డు మీద పదమూడు వేలు అని వేశారు. నా కంటికి మూడు వేల మంది కూడా కనపడలేదు. 41 బాక్సులు అమ్ముడయ్యాయి. స్టాల్ అద్దె, గ్యాస్, ఇద్దరి జీతం అన్నీ నా మీద పడ్డాయి.

మిగిలినవి పారేయడానికి మనసు రాక, రాత్రి పదిన్నరకు స్టూడెంట్ అపార్ట్‌మెంట్లకు తీసుకెళ్ళి గ్రూప్‌లో మెసేజ్ పెట్టాను. ఇరవై నిమిషాల్లో ఒక్కటీ మిగల్లేదు. మెట్ల మీద లాప్‌టాప్ పక్కన పెట్టుకుని తింటున్న పిల్లల్ని చూస్తూ నిలబడ్డాను. ఒకమ్మాయి, "పొద్దున్నుంచి మ్యాగీ మీదే ఉన్నానక్కా, రేపు సబ్మిషన్, టెన్షన్‌తో వండుకోలేదు" అంది. ఆట జరిగే చోట కాచుకుని కూర్చున్నాను కానీ, ఆకలి ఇక్కడ ఉందని ఆ రోజు నాకు అర్థమైంది.

అందుకే ఈ మార్పు. స్టాల్ మానేసిన నాలుగు రోజుల్లో షాపు రాత్రి పదకొండున్నర దాకా తెరిచి ఉంటుంది. గోడకు టీవీ పెట్టించాం, ఆట అందులో వస్తుంది. అపార్ట్‌మెంట్లకు మేమే డెలివరీ చేస్తాం, మూడు బాక్సులు దాటితే డెలివరీ చార్జీ లేదు. పప్పు, కూర, పెరుగన్నంతో 8 డాలర్ల చిన్న బాక్స్ మొదలుపెడుతున్నాం. బిర్యానీ పెంచిన డాలర్‌తోనే దాన్ని ఆ ధరకు ఇవ్వగలుగుతున్నాను. ఆట రోజు పనిచేసే ఇద్దరు లోకల్ స్టూడెంట్లలో ఒకరికి గంటలు తగ్గించాల్సి వచ్చింది. ఆ అబ్బాయికి ముందే చెప్పాను, చెప్పినప్పుడు చాలా బాధపడ్డాను. ఆ గంటలు మాకు ఇవ్వమని మనవాళ్ళు కొందరు అడిగారు. ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు పర్మిషన్ లేకుండా క్యాంపస్ బయట పనిచేస్తే మీ వీసాకే ముప్పు. ఆ పని నేను చేయను.

స్టాల్ పూర్తిగా ఎందుకు తీసేయలేదని మా ఆయన అడుగుతూనే ఉన్నారు. నేను ఒప్పుకోలేదు. మీ ఫీజు బిల్లు ఒకసారి తీసి చూడండి. మనలాంటి స్కూళ్ళలో స్టూడెంట్ ఫీజులో కొంత అథ్లెటిక్స్‌కు వెళ్తుంది. మాస్టర్స్ చదివే మన పిల్లలు కూడా అది కడుతున్నారు. ఐడీ చూపిస్తే లోపలికి ఉచితం. అయినా రెండేళ్ళు ఉండి, ఒక్క ఆట చూడకుండా డిగ్రీ తీసుకుని వెళ్ళిపోతున్నారు. రూల్స్ తెలియవని సిగ్గుపడకండి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్ళాలి, అది పట్టుకుంటే సగం ఆట వచ్చినట్టే. మిగతాది పక్కన కూర్చుని నేను చెప్తాను. మధ్యలో బ్యాండ్ వాయించేటప్పుడు మాత్రం లేచి వెళ్ళొద్దు, నా దృష్టిలో అదే అన్నిటికంటే బాగుంటుంది.

హోమ్‌కమింగ్ శనివారం పొద్దున పది గంటలకు షాపు దగ్గర కలుద్దాం. మొదట వచ్చిన ఇరవై మందికి టీ, బజ్జీ నా తరఫున. స్టూడెంట్ ఐడీ మర్చిపోకండి, స్వెటర్ వేసుకోండి. బ్యాక్‌ప్యాక్ గేటు దగ్గర ఆపేస్తారు కాబట్టి లోపలున్నవి కనిపించే ప్లాస్టిక్ సంచీయే తెచ్చుకోండి. సంచీ లేనివాళ్ళకు నా దగ్గర ఓ పదిహేను ఉన్నాయి.