చెప్పులతో షుగర్ దిగదు, మంత్రిగారూ

రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను దేవరకద్రలో మందుల షాపు నడుపుతాను. మొన్న అంగడి రోజు ఒక రైతు సంచిలోంచి కొత్త చెప్పులు తీసి, "సారూ, వీటిల్ల మాగ్నెట్లున్నయట. తొడుక్కుంటే షుగర్ దిగుతదట. ఇగ గోలీలు బంద్ చెయ్యాల్నా?" అని అడిగాడు. చెప్పు లోపలంతా గట్టి రబ్బరు బుడిపెలు, మధ్యమధ్య చిన్న అయస్కాంత బిళ్లలు. డబ్బా మీద షుగర్, బీపీ, మోకాళ్ల నొప్పులు వరసగా రాసి ఉన్నాయి. గోలీలు ఆపొద్దని చెప్పి పంపాను. షుగర్ ముదిరి కాళ్లలో స్పర్శ పోయిన మనిషికి ఆ బుడిపెలే ప్రమాదం. ఒరుసుకుని పుండు పడినా నొప్పి తెలియదు.

మా దిక్కు నాట్ల కాలంలో ఆడవాళ్ల కాళ్లు బురదలో నాని వేళ్ల సందులు పాచిపోతాయి. సిమెంటు పనికి వలస పోయినవాళ్ల మడమలు పగిలి నెత్తురు కారతాయి. ఇంతదానికి ఒక రోజు కూలి పోగొట్టుకుని దవాఖానకు ఎవరు పోతారు? కాళ్ల మందుల బేరం ఇక్కడ సాగేది అందుకే.

ఈ మోసపు బేరాన్ని ఆపడానికి కొత్త చట్టం అక్కర్లేదు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూల్లో, అంటే నయం చేస్తామని ప్రకటనలు వేయకూడని జబ్బుల పట్టికలో, షుగర్ ఉంది, గ్యాంగ్రిన్ (ఒంటి భాగం కుళ్లిపోవడం) కూడా ఉంది. వాటిని నయం చేస్తామని ప్రకటన వేస్తే తొలిసారే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. గోలీల డబ్బాల మీద ఇలాంటి రాతలుంటే మీ ఔషధ నియంత్రణ అధికారులు పట్టుకుంటున్నారు, సంతోషం. చెప్పుల దగ్గరికొచ్చేసరికి మాత్రం "అది మందు కాదు కదా" అంటారు. తిండి తప్ప, ఒంటి పనితీరును మార్చడానికని అమ్మే ఏ వస్తువైనా మందు కిందికే వస్తుందని అదే చట్టం చెబుతోంది.

అరికాళ్లకు అంటించే పట్టీలూ అంతే. ఒంట్లో విషమంతా లాగేశాయనడానికి తెల్లారేసరికి నల్లబడడమే సాక్ష్యమట! అందులోని వెనిగర్ పొడికి తడి తగిలితే చాలు, రంగు మారుతుంది. మరిగే నీళ్ల ఆవిరి పట్టి చూడండి.

ఆనెకాయలకు పెట్టే కార్న్ క్యాప్‌ల సంగతి వేరు. అవి పనిచేస్తాయి. వాటిలోని సాలిసిలిక్ యాసిడ్ గట్టిపడ్డ చర్మాన్ని మెత్తబరిచి ఊడగొడుతుంది. పక్కకు జరిగితే మంచి చర్మాన్నీ తింటుంది. షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా వాడకూడదు. ఆ హెచ్చరిక ఉంటే గింటే భూతద్దం పెట్టి చదవాల్సిన ఇంగ్లీషులో ఉంటుంది. అమ్ముకునే మాట తెలుగులో అచ్చేయించేవాళ్లకు హెచ్చరిక దగ్గర తెలుగు రాదా?

ఉన్న కొద్దిమంది డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు మందుల షాపులు చూడాలా, అంగళ్లు తిరగాలా? పై చట్టం 8వ సెక్షన్ కింద ఏ గెజిటెడ్ అధికారికైనా తనిఖీ చేసే అధికారం మీ ప్రభుత్వం ఇవ్వొచ్చు. దీపావళి దాటగానే కురుమూర్తి జాతర. స్వామి ఉద్దాలకు, అంటే పాదుకలకు, మొక్కడానికి లక్షల్లో జనం వస్తారు, ఈ చెప్పుల బేరగాళ్లూ వస్తారు. ఆ లోపే ఉత్తర్వు ఇప్పించండి. ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్తలకు షుగర్ ఉన్నవాళ్ల అరికాళ్లు కూడా చూడమని చెప్పించండి.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని, దేవరకద్ర